గొంతు సంగతి సరే, పని ఏది?

అమ్మాయీ,

విశాఖ ఆకాశవాణిలో పనిచేసిన పెద్దాయన మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. తెలుగు శుభ్రంగా ఉంది. కానీ "గంభీరమైన గళం", "మైమరపించే స్వరం" అంటూ పేజీ పేజీకీ అదే. చిరాకొచ్చింది. అన్నేళ్ళు మైకు ముందు కూర్చున్న మనిషి గురించి చెప్పడానికి గొంతొక్కటే దొరికిందా?

ఆయన చేసిన పని రాయి. తుపాను కబురు కాగితం మీద ఎలా వస్తుందో తెలుసా? "పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో కేంద్రీకృతమైన వాయుగుండం వాయవ్య దిశగా పయనించి మరింత బలపడే అవకాశం ఉన్నందున" అంటూ ఊపిరాడని వాక్యం. అందులో అక్షరం మార్చే హక్కు అనౌన్సరుకు లేదు. ఎక్కడ ఆగాలన్నది మాత్రం అతని చేతిలోనే ఉంది. "వేటకు వెళ్ళరాదు" అన్న మాటకు ముందు క్షణం ఆగి, దాన్ని విడిగా, నిదానంగా చదివితేనే జాలరిపేటలో ట్రాన్సిస్టరు పెట్టుకున్నవాడికి అందుతుంది. ఎంత మంచి గొంతైనా గడగడా చదివేస్తే అందదు.

కామెంటరీ పేరాలో "స్టేడియం హోరెత్తింది" అన్నావు. 2005 ఏప్రిల్ 5న మధురవాడలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టినప్పుడు హోరెత్తింది, నిజమే. హోరుని మైకు దానంతటదే పట్టుకుంటుంది. అప్పుడే రేడియో పెట్టినవాడికి స్కోరెంతో, ఎన్నో ఓవరో, బంతి ఎటు పోయిందో చెప్పాలి. మంచి కామెంటేటరు స్కోరు చెప్పడానికి విసుక్కోడు.

నా తొలి రచనలు ఒక పత్రికకు పంపితే, "మాట్లాడినట్టున్నాయి, రాసినట్టు లేవు" అని ఎడిటరు తిప్పి పంపాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. మాట్లాడినట్టు రావడానికే కదా, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక వంటింట్లో కూర్చుని పైకి చదువుకుంటూ, నాలుక తడబడిన చోటల్లా కొట్టేసి మళ్ళీ రాసుకున్నది! నెలకు నాలుగు డ్యూటీలు దొరికితే గొప్ప అనుకునే క్యాజువల్ అనౌన్సరుగా ఉన్న రోజులవి. ఇప్పుడు ఎఫ్‌ఎంలో ఊపిరి తీసుకోకుండా మాట్లాడటం ఫ్యాషనైంది. వినేవాడికి ఒక్క క్షణం వదలని ఆ వాగుడుని నేను రేడియో అనను.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళు. పాత క్యూషీట్లు, అంటే ఏది ఎప్పుడు ప్రసారం చేయాలో రాసి ఉండే కాగితాలు, దాచుకున్నారేమో చూడు. ప్రసారం మధ్యలో స్పూలు టేపు తెగితే ఆ ఖాళీలో ఏం చెప్పేవారో అడుగు. తిరగరాశాక నాకు పోస్టులో పంపొద్దు. సిరిపురం వైపు వచ్చినప్పుడు ఇంటికొచ్చి, పైకి చదివి వినిపించు.