పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్ చదవాలంటే ఎంబీబీఎస్ ఉండాలా?

అక్కర్లేదు. బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లు కూడా రెండేళ్ల ఎంపీహెచ్‌ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో చేరుతుంటారు. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, నోటిఫికేషన్ చూసుకోండి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఐఐపీహెచ్‌ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ ఈ కోర్సు ఉంది.

డాక్టర్‌ ముందు ఒక రోగి కూర్చుంటే, ఈ ఉద్యోగంలో మీ ముందు బస్తీ మొత్తం ఉంటుంది. వారంలో నాలుగు డెంగీ కేసులు వచ్చాయనుకోండి. ఏ ఇళ్లు, ఏ తేదీలు అని రాసుకోవాలి. డ్రమ్ముల్లో, కూలర్ అడుగున నిలిచిన నీళ్లలో లార్వా ఉందేమో టార్చి వేసి చూడాలి. జీహెచ్‌ఎంసీ ఎంటమాలజీ (దోమల నివారణ విభాగం) వాళ్లను కదిలించాలి, బస్తీ దవాఖానాలో టెస్ట్ కిట్లు అయిపోకుండా చూడాలి. మేనేజ్‌మెంట్ అంటే ఇదే, ఏసీ గది కాదు.

లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు స్టాటిస్టిక్స్ ముందే మొదలుపెట్టడం మంచిది. ఉద్యోగాలు ఎన్‌హెచ్‌ఎం (నేషనల్ హెల్త్ మిషన్)లో, ఎన్జీవోల్లో, పెద్దాసుపత్రుల్లో ఉంటాయి. ఎన్‌హెచ్‌ఎంవి చాలావరకు కాంట్రాక్టు పోస్టులే.