7800ఎక్స్3డీ ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ తప్పదా?

బ్రదర్, ఏసీ లేని గదిలో రైజెన్ 7 7800ఎక్స్3డీకి 360 ఎంఎం లిక్విడ్ కూలర్ తప్పదని షాపతను చెప్పాడన్నారు కదా, అక్కర్లేదు. దాని టీడీపీ (కూలర్ లాగేయాల్సిన వేడి లెక్క) 120 వాట్లే, గేముల్లో అంత కూడా లాగదు. మన హైదరాబాద్ ఎండల్లోనూ రెండు ఫ్యాన్ల టవర్ ఎయిర్ కూలర్ సరిపోతుంది. ఈ ప్రాసెసర్ వేడి పరిమితి 89 డిగ్రీలు, 80 కనబడితే టెన్షన్ పడకండి. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి.

చేతిలో డబ్బు తక్కువైతే రైజెన్ 5 7600 చూడండి. 65 వాట్లు, డబ్బాలోనే కూలర్ వస్తుంది, కాస్త చప్పుడు చేస్తుందంతే.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ భాగాలు దొరికే సీటీసీకి వెళ్లేముందు మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో రాసుకెళ్లండి. నేను చూసుకోలేదు, 4 మిల్లీమీటర్ల తేడాతో పక్క అద్దం మూతపడలేదు. వేసవంతా తెరిచే ఉంచా, లోపలంతా దుమ్మే!

అన్నట్టు, బిగించేముందు కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయండి.