ఫ్యాన్ వేక్ బ్రాడ్‌బ్యాండ్ శబ్దం: లెక్కలో శిఖరం కుడివైపుకు జరగడం

తిరిగే ఫ్యాన్ రెక్కల వెనుక ఏర్పడే అలజడి ప్రవాహం (వేక్) వెనుకనున్న కదలని రెక్కల వరుసకు (స్టేటర్) తగిలి పుట్టించే, విస్తృత ఫ్రీక్వెన్సీల్లో పరచుకున్న శబ్దమే ఫ్యాన్ వేక్ బ్రాడ్‌బ్యాండ్ శబ్దం. కొలతలతో పోలిస్తే మీ లెక్కలో తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర శబ్దం తగ్గి, ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పెరుగుతోందంటే, దోషం చాలావరకు టర్బులెన్స్ లెంగ్త్ స్కేల్‌లోనే, అంటే సుడుల సగటు పరిమాణంలోనే ఉంటుంది. స్టేటర్ ప్రతిస్పందన సూత్రాన్ని, అంటే వచ్చి తగిలే సుడులకు స్టేటర్ ఎంత శబ్దం చేస్తుందో చెప్పే సూత్రాన్ని, ఇప్పుడే మార్చవలసిన పని లేదు.

1. కె-ఒమేగా అనే టర్బులెన్స్ నమూనా (కె అంటే టర్బులెన్స్ గతిశక్తి, ఒమేగా అంటే ఆ శక్తి క్షయమయ్యే వేగాన్ని సూచించే విలువ) వాడినవారిలో కొందరు ఈ సుడి పరిమాణం కోసం కె వర్గమూలాన్ని ఒమేగాతో భాగించి అక్కడే ఆగిపోతారు. ఆ ఫలితాన్ని మళ్ళీ 0.09తో భాగించి, 0.43తో గుణించాలి, అంటే విలువ సుమారు 4.8 రెట్లు పెరుగుతుంది. విశాఖపట్నంలో మా విద్యార్థుల లెక్కల్లో నేను పదేపదే దిద్దుతున్నది ఈ ఒక్క మెట్టునే. సుడి పరిమాణం చిన్నదిగా పడితే స్పెక్ట్రమ్ శిఖరం పై ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది, మీ గ్రాఫులో కనిపిస్తున్నది సరిగ్గా అదే. (ఎప్సిలాన్, అంటే టర్బులెన్స్ శక్తి క్షయమయ్యే రేటు, నేరుగా దొరికితే 0.09 అక్కరలేదు: కెను 1.5 ఘాతానికి పెంచి, దాన్ని ఎప్సిలాన్‌తో భాగించి 0.43తో గుణిస్తే చాలు.)

2. వేక్ దూరం పోయేకొద్దీ వెడల్పై బలహీనపడుతుంది కనుక, కె, ఒమేగా విలువలను ఫ్యాన్ రెక్క వెనుక అంచు వద్ద కాక, స్టేటర్ ముందంచుకు కాస్త ముందు, ప్రతి వ్యాసార్థం దగ్గర చుట్టూ సగటు చేసి తీసుకోండి.

3. ఒక దిశలోని వేగ హెచ్చుతగ్గుల వర్గ సగటుగా కె విలువలో మూడింట రెండు వంతులే వేయండి. మొత్తం కె వేస్తే దాదాపు 1.8 డెసిబెల్ అదనంగా వస్తుంది.