వైరా, వైర్‌లెస్సా? అల్లుడికో ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. హెడ్‌సెట్ కోసం పాతిక వేలు పక్కన పెట్టానని, మీ అమ్మకి ఇంకా చెప్పలేదని రాశావు. నేనూ చెప్పనులే. వైర్‌ది కొనాలా, వైర్‌లెస్ కొనాలా అని ఒక్క ముక్కలో అడిగావు. ఒక్క ముక్కలోనే చెప్పాలంటే, నీకు వైర్‌దే. ఎందుకో తెలియకుండా షాపుకి వెళితే సేల్స్‌మన్ పది నిమిషాల్లో నీ మనసు మార్చేస్తాడు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నువ్వు ఆడేది వాలరెంట్ అనే షూటింగ్ ఆట, అదీ టేబుల్ ముందు కూర్చుని పీసీ మీద. సీపీయూ నీ మోకాలి పక్కనే ఉంటుంది. ఆ మీటరు దూరానికి వైర్ లేకపోతే నీకు కలిసొచ్చేదేమిటి? మంచినీళ్లకి లేచినప్పుడు హెడ్‌సెట్ తీసి పెట్టే పని తప్పుతుంది, అంతే. దాని కోసం బ్యాటరీకి, రేడియోకి, చార్జింగ్ సర్క్యూట్‌కి, డాంగిల్‌కి (కంప్యూటర్‌కి గుచ్చే బుల్లి రిసీవర్) నీ పాతిక వేలల్లోంచే కట్టాలి. హాల్లో సోఫాలో కూర్చుని దూరంగా ఉన్న టీవీ మీద ఆడేవాడివైతే వైర్‌లెస్సే కొనమనేవాణ్ణి. (అక్కడ కూడా పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కంట్రోలర్‌కే వైర్ హెడ్‌సెట్ గుచ్చుకునే 3.5 ఎంఎం జాక్ ఉంటుంది, ఆ సంగతి షాపుల్లో ఎవరూ చెప్పరు.)

వైర్‌లెస్‌లో సౌండ్ ఆలస్యంగా వస్తుందని మీ ఫ్రెండ్స్ అన్నది సగమే నిజం. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి బ్లూటూత్, రెండోది యూఎస్‌బీ డాంగిల్‌తో 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేది. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడిచే ఆటలో ఒక ఫ్రేముకి పట్టేది దాదాపు 17 మిల్లీసెకన్లు. లెక్క వేసుకో, ఎదుటివాడి అడుగుల చప్పుడు నీ చెవిన పడేసరికి వాడు మూల తిరిగి కాల్చేసి కూడా ఉంటాడు. మంచి డాంగిల్ హెడ్‌సెట్లలో ఆలస్యం మహా అయితే ఒకటి రెండు ఫ్రేములు, అది నువ్వు పట్టలేవు. బ్లూటూత్‌కి ఇంకో జబ్బుంది. మైక్ ఆన్ చేయగానే అది ఫోన్ కాల్ మోడ్‌లోకి జారిపోయి, ఆట సౌండంతా గొట్టంలోంచి విన్నట్టు వస్తుంది. బ్లూటూత్‌లోనే కొత్తగా వచ్చిన ఎల్ఈ ఆడియో అనే పద్ధతిలో ఇది మెరుగైంది, కానీ అటు హెడ్‌సెట్, ఇటు కంప్యూటర్ రెండూ దానికి సిద్ధంగా ఉండాలి. ముందు ముందు కన్సోల్ కొనే ఆలోచనుంటే ఇదీ గుర్తుంచుకో: పీఎస్5 బ్లూటూత్ హెడ్‌సెట్లని నేరుగా తీసుకోదు. ఎక్స్‌బాక్స్‌ది సొంత పద్ధతి, డబ్బా మీద ఎక్స్‌బాక్స్‌కి పనిచేస్తుందని రాసి ఉంటేనే కొనాలి.

ఇంత చెప్పినా వైర్‌లెస్సే కావాలంటే, ముందు బ్యాటరీ సంగతి చూడు. లిథియం బ్యాటరీలు 300 నుంచి 500 ఫుల్ చార్జీలయ్యాక నీరసిస్తాయి. రోజుకి నాలుగు గంటలు ఆడతావనుకుందాం. 20 గంటల బ్యాటరీకి ఏడాదికి 70కి పైనే చార్జీలు పడతాయి. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్‌కి కంపెనీ చెప్పే లెక్క 300 గంటలు, అంటే ఏడాదికి ఐదు చార్జీలు. గంటలు ఎక్కువుంటే బ్యాటరీ ఆయుష్షు కూడా అలా పెరుగుతుంది. స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రో వైర్‌లెస్‌తో రెండు బ్యాటరీలు ఇస్తారు. ఒకటి హెడ్‌సెట్‌లో ఉంటే రెండోది బేస్ స్టేషన్‌లో చార్జ్ అవుతుంది, అరిగిపోతే మనమే మార్చుకోవచ్చు. ఆ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఆడీజీ మాక్స్‌వెల్ సౌండ్ గొప్పగా ఉంటుంది, 80 గంటలు వస్తుంది, కానీ బరువు 490 గ్రాములు. అర కిలో నెత్తిన పెట్టుకుని నాలుగు గంటలు కూర్చోగలవో లేదో నీ మెడనే అడుగు.

డాంగిల్‌ని సీపీయూ వెనక యూఎస్‌బీ 3.0 పోర్టులో, హార్డ్ డిస్క్ పక్కన దూర్చకు. ఆ పోర్టుల నుంచి వచ్చే నాయిస్ సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడి సౌండ్ తెగుతూ ఉంటుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదకి తెచ్చుకుంటే చాలు. కంప్యూటర్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకో. హెడ్‌సెట్ పాడైందని షాపుకి పరిగెత్తే ముందు ఈ రెండూ చేసి చూడాలి.

ఇక నీ సంగతి. ఏసీ గదిలో ఒక్కడివే ఆడతావు కాబట్టి గేమింగ్ పేరున్న హెడ్‌సెట్టే కావాలనేం లేదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ లాంటి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్, విడిగా ఒక యూఎస్‌బీ మైక్ తీసుకో. ఆ హెడ్‌ఫోన్ బరువు 240 గ్రాములే. వెనక మూసి ఉండదు కాబట్టి సౌండ్ విశాలంగా, చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలిసేలా ఉంటుంది. కుషన్లు బట్టవి, బెజవాడ ఎండల్లో లెదరెట్‌లా చెవులు ఉడకవు. కాకపోతే లోపలి సౌండ్ బయటికి, బయటి సౌండ్ లోపలికి వస్తాయి. రేపు ఫ్రెండ్స్‌తో రూమ్ షేర్ చేసుకుంటే క్లోజ్డ్ బ్యాక్ తప్పదు. ఈ హెడ్‌ఫోన్ 120 ఓమ్స్‌ది, అంటే గట్టిగా వినిపించాలంటే కాస్త ఎక్కువ పవర్ అడుగుతుంది, పైగా సీపీయూ ముందు జాక్‌లో ఒక్కోసారి గుయ్‌మని హమ్ వస్తుంది, ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో మరీను. చిన్న యూఎస్‌బీ డాక్ (DAC, సీపీయూ జాక్‌కి బదులు తనే సౌండ్‌ని హెడ్‌ఫోన్‌కి అందించే బుల్లి పరికరం) ఒకటి కొంటే రెండు ఇబ్బందులూ చాలావరకు తీరతాయి.

డబ్బా మీద 7.1 (చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు సరౌండ్ సౌండ్) అని ఉంటే పొంగిపోకు, రెండు స్పీకర్లతో సాఫ్ట్‌వేర్ చేసే పని అది. వాలరెంట్ సెట్టింగ్స్‌లో హెచ్ఆర్‌టీఎఫ్ (చప్పుడు ఏ దిక్కు నుంచో హెడ్‌ఫోన్‌లో తెలిసేలా చేసేది) ఆన్ చేసి, విండోస్‌లో వర్చువల్ సరౌండ్ ఆఫ్ చెయ్. రెండూ కలిస్తే దిక్కులు చెడతాయి.

వాల్యూమ్ గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగు గంటలే.

కళ్లజోడు మీదే హెడ్‌ఫోన్ కనీసం పావుగంట పెట్టుకుని చూడకుండా మాత్రం కొనకు. బెజవాడలో దొరక్కపోతే ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తీసుకెళ్తాను. బిల్లు తీసుకున్న రోజే ఫొటో తీసి నాకూ పంపు. ఆ పల్చటి కాగితం మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి మాసిపోతాయి, వారంటీకి వెళితే ఖాళీ కాగితం చూపించాల్సి వస్తుంది.

మీ మామయ్య