ఇంట ఓడి రచ్చ గెలిచిన ఏడాది

తెనాలి,
జూన్ 2025

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశాను. "మామయ్యా, మన టోటెన్‌హామ్ ఫుట్‌బాల్ జట్టుకి లీగ్‌లో 17వ స్థానం, చేతిలో యూరోపా కప్పు, కోచ్‌కి ఉద్వాసన. ఇది మంచి సీజనా, చెడ్డ సీజనా? వచ్చే ఏడాదికి మెంబర్‌షిప్ తీసుకోమంటావా?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే మీ అమ్మ వింటుంది. ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

నేను లండన్‌లో దిగింది 1990లో. మరుసటి మే నెలలోనే టోటెన్‌హామ్ ఎఫ్‌ఏ కప్ గెలిచింది, అది ఇంగ్లండులో ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీ. ఈ ఊళ్లో ఏటా ఇంతే కాబోలు అనుకున్నాను! ఆ తర్వాత 1999లో ఒకటి, 2008లో ఒకటి, రెండూ లీగ్ కప్పులే. పేరుకి లీగ్ గానీ, అదీ నాకౌట్ పోటీయే. అక్కణ్ణుంచి పదిహేడేళ్లు ఏమీ లేదు. కప్పులే కావాలంటే మాంచెస్టర్ రైలెక్కు, నేనేమీ అనుకోను.

ఉంటానంటే మాత్రం నేను చేసే పని ఒకటి చెయ్యి. ఒక నోటు పుస్తకంలో నాలుగు పద్దులు తెరువు: లీగ్, ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్, యూరప్. తేదీలు తప్పకుండా వెయ్యి. ఎందుకంటే ఒక పద్దులో చేసిన ఖర్చు ఇంకో పద్దులో నష్టంగా తేలుతుంది. పట్టికలో 17 అన్న అంకె చూసినవాడికి ఇది కనపడదు.

గత నవంబరు 23 చూడు. మాంచెస్టర్ సిటీని వాళ్ల మైదానంలోనే 4-0తో కొట్టారు. గోల్‌కీపర్ వికారియో ఆ మ్యాచ్‌లో గంటసేపు విరిగిన చీలమండతో ఆడాడు. అక్కణ్ణుంచి నెలల తరబడి లేడు. డిఫెండర్లు రొమెరో, వాన్ డి వెన్ కూడా గాయాలతో కూర్చుంటే, పద్దెనిమిదేళ్ల ఆర్చీ గ్రేని తెచ్చి డిఫెన్సు మధ్యలో నిలబెట్టారు. ఫిబ్రవరిలో లీగ్ కప్ సెమీస్ రెండో మ్యాచ్‌కి లివర్‌పూల్ వెళ్లి 4-0తో దెబ్బతిని వచ్చారు. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కేస్తారు కాబట్టి, మొదటి మ్యాచ్ మన మైదానంలో 1-0తో గెలిచింది వృథా. మూడు రోజులు తిరక్కుండా ఆస్టన్ విల్లా చేతిలో ఎఫ్‌ఏ కప్పూ పోయింది. నాలుగు పద్దుల్లో రెండు అక్కడే మూసేశాం.

ఇక మిగిలినవి లీగ్, యూరప్. గురువారం రాత్రి యూరప్, ఆదివారం లీగ్. అక్కడ నువ్వు నేర్చుకోవాల్సింది స్కోరు కంటే ముందు టీమ్ లిస్టు చదవడం. ఏప్రిల్ 27న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 5-1తో ఓడి, వాళ్లకి లీగ్ టైటిల్ చేతులారా అప్పజెప్పి వచ్చారు. నువ్వు ఆ రాత్రి నాకు ఏడుపు బొమ్మలు పంపావు. అది చాలామందిని మార్చి దింపిన జట్టురా. నాలుగు రోజులకి, మే 1న, యూరోపా సెమీస్‌లో అసలు జట్టు వచ్చి నార్వే జట్టు బోడో గ్లిమ్ట్‌ని 3-1తో కొట్టింది. తర్వాతి వారం ఆర్కిటిక్ వలయంలో, వాళ్ల మైదానంలో, ప్లాస్టిక్ గడ్డి మీద 2-0.

ఇంత తెగింపు ఎలా వచ్చిందంటే, లీగ్‌లో చివరి మూడు జట్లే కింది డివిజన్‌కి పడిపోతాయి, ఆ మూడూ అంత అధ్వానంగా ఉన్నాయి కాబట్టి. మన 38 పాయింట్లకి 18వ స్థానంలో ఉన్న లెస్టర్‌కి 25. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు గానీ, నిజానికి ఇక్కడ చావు భయమే లేదు. ఈసారి లీగ్‌లో ఇరవై రెండు మ్యాచ్‌లు ఓడారు, ఇంకో ఏడాదైతే కథ వేరేగా ఉండేది. అదే లెస్టర్ చేతిలో, ఇప్స్‌విచ్ చేతిలో మన మైదానంలోనే ఓడారు చూశావూ, దానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు.

ఫైనల్ నాడు నేను ఇక్కడే ఉన్నాను. స్పెయిన్‌లోని బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్ మొదలయ్యేసరికి మనకి రాత్రి పన్నెండున్నర. ఆట చూడముచ్చటగా ఏమీ లేదు. 42వ నిమిషంలో బంతి వాళ్ల ల్యూక్ షాకి తగిలి, మన జాన్సన్ కాలికి తగిలీ తగలక లోపలికి దొర్లింది. ఆ ఒక్క గోల్‌తోనే గెలిచాం. రెండో సగంలో వాళ్ల హొయ్‌లుండ్ తలతో కొట్టిన బంతి ఇక గోలే అనుకుంటుంటే, వాన్ డి వెన్ గాల్లోకి ఎగిరి కాలితో బయటికి లాగేశాడు. నేను పెట్టిన కేకకి మీ అమ్మ లేచొచ్చి ఎవరు పోయారని అడిగింది. పదేళ్లుగా ఆడుతున్న సన్, జెండా కప్పుకుని ఏడుస్తున్నాడు. చూపిస్తే, "పాపం, ఓడిపోయాడా?" అంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మెంబర్‌షిప్ అంటే టికెట్ కాదు, టికెట్ కొనుక్కునే వీలు మాత్రమే. పెద్ద మ్యాచ్‌ల వెంట పడకు. లీగ్ కప్ తొలి రౌండ్లు చూడు, సులువుగా దొరుకుతాయి. స్టేషన్ దగ్గర చెవిలో గుసగుసలాడే వాడి దగ్గర కొనకు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ టికెట్ అనుమతి లేకుండా అమ్మడం నేరం, నువ్వేమో స్టూడెంట్ వీసా మీదున్నావు. బీరు గ్లాసు సీటు దాకా తీసుకెళ్లనివ్వరు, తెలియక మొదటిసారి నేను మెట్ల దగ్గర గొడవపడ్డాను. ఎర్ర చొక్కా మాత్రం వేసుకుని పోకు. అది మన బద్ధశత్రువు ఆర్సెనల్ రంగు. వాళ్ల మైదానం నాలుగు మైళ్ల దూరమే, ఈ ఏడాది లీగ్‌లో రెండుసార్లూ వాళ్లదే గెలుపు.

మంచి సీజనా అంటావా? లీగ్ పద్దు సిగ్గుచేటు. ఆ పద్దు చూసే కోచ్ పోస్టెకోగ్లూని కప్పు గెలిచిన పదహారు రోజులకి పంపేశారు. రెండో ఏడాది నేనెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని అన్నాడు, గెలిచాడు, పోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్లు ఇంట ఓడి రచ్చ గెలిచారు. పంపడం తప్పని నేననను, కానీ కొత్త సీజన్ మొదలయ్యే ఆగస్టు దాకానైనా ఆగాల్సింది. నన్నడిగితే మాత్రం, నాలుగో స్థానం ఇచ్చి కప్పు తీసుకుంటానన్నా ఇవ్వను.

ఆ కప్పు పుణ్యాన వచ్చే సీజన్ ఛాంపియన్స్ లీగ్ ఆడతారు. అవి ఎక్కువగా మంగళ, బుధవారాల రాత్రులు. నీ సూపర్‌మార్కెట్ షిఫ్టులు ఇప్పుడే మార్చుకో, సెప్టెంబరులో అడిగితే ఇవ్వరు. నేను జులైలో ఆవకాయతో వస్తున్నాను. ఈలోపు చలేస్తే నా పాత కండువా మీ అత్తనడిగి తీసుకో, బీరువాలో కింది అరలో ఉంది. 1991 నుంచి ఉతకలేదు, నువ్వూ ఉతక్కు.

మీ మామయ్య