కంప్యూటర్ షాపు కంపెనీ దగ్గర నేరుగా కొనకుండా డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎందుకు కొంటుంది?

సరుకుతో పాటు అప్పు కూడా దొరికేది అక్కడే కాబట్టి. కంపెనీలు షాపులకు సాధారణంగా పెద్ద లాట్లలోనే అమ్ముతాయి. చిన్న షాపుకి కావలసింది రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ప్రింటరు. రెడింగ్టన్, ఇంగ్రామ్ మైక్రో, రాశి పెరిఫెరల్స్ లాంటి డిస్ట్రిబ్యూటర్లు ఆ లాటు కొని, గోడౌన్లలో ఉంచి, విడివిడిగా బిల్లు చేస్తాయి.

ఖమ్మంలో ఒక బడి 30 కంప్యూటర్లు అడిగిందనుకోండి. ఒక్కోటి 40,000 చొప్పున 12 లక్షలు. బడి డబ్బు చేతికి రావడానికి నెలన్నర. షాపు దగ్గర ఉన్నది రెండు లక్షలు. 30 రోజుల అప్పు మీద సరుకు వస్తేనే పిల్లలకు ల్యాబు. మిగిలిన 15 రోజులు షాపే సర్దుకోవాలి. గడువు దాటితే డిస్ట్రిబ్యూటర్ దగ్గర షాపు ఖాతా లాక్ అవుతుంది, పాత బాకీ కట్టేదాకా కొత్త బిల్లు పడదు. చిన్న షాపులు నలిగేది ఇక్కడే.

డిస్ట్రిబ్యూటర్ అమ్మాడు కాబట్టి వారంటీ ఆయనదే అనుకుంటారు చాలామంది. ల్యాప్‌టాప్‌కి వారంటీ కంపెనీదే. (కొన్ని బ్రాండ్ల మదర్‌బోర్డులు, గ్రాఫిక్స్ కార్డులకు మాత్రం దిగుమతి చేసినవాళ్లే సర్వీసు చూస్తారు.) షాపు బిల్లు మీద సీరియల్ నంబరు తప్పక వేయించుకోండి. అది లేకపోతే సరుకు కంపెనీ నుంచి బయలుదేరిన రోజు నుంచే వారంటీ లెక్కపడి, గోడౌన్‌లో గడిచిన నెలలు మీ వారంటీలోంచే పోవచ్చు.