వాట్సాప్ హ్యాకై మన పేరుతో అబద్ధపు వార్తలు వెళ్తుంటే: మా బాబాయికి జరిగింది చెబుతాను

మీరు అడిగింది: "నా వాట్సాప్ ఎవరో హ్యాక్ చేశారు, నా నంబర్ నుంచి గ్రూపుల్లో ఏదో పథకం గురించి అబద్ధపు మెసేజ్‌లు వెళ్తున్నాయి. ఏం చేయాలి? కేసు నా మీదికి వస్తుందా?"

టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం మాత్రం చేయొద్దు. ముందు వేరే ఫోన్ తీసుకుని మీవాళ్ళు నలుగురికి మామూలు కాల్ చేసి, "నా నంబర్ నుంచి ఏది వచ్చినా తెరవొద్దు, డబ్బు అడిగితే ఇవ్వొద్దు, ఈ మాట గ్రూపుల్లో పెట్టండి" అని చెప్పండి. మిగతాది తర్వాత చదవొచ్చు. పోయినేడాది మా బాబాయికి ఇదే జరిగినప్పుడు ఆ నాలుగు కాల్స్ చేయడానికి మేం మూడు గంటలు ఆలస్యం చేశాం, నష్టమంతా ఆ మూడు గంటల్లోనే జరిగింది.

మాది తెనాలి దగ్గర చిన్న ఊరు. బాబాయి రిటైర్డ్ హెడ్‌మాస్టర్, ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఒకరోజు పొద్దున్నే ఆయన నంబర్ నుంచి ఊరి గ్రూపులో, పాత విద్యార్థుల గ్రూపులో, గుడి కమిటీ గ్రూపులో ఒకటే మెసేజ్ పడింది. పీఎం కిసాన్ కేవైసీకి ఈ రాత్రే ఆఖరు, చేయనివాళ్ళకి ఇక డబ్బులు పడవు, కింద ఉన్న యాప్ వేసుకోండి అని. కింద ఒక ఏపీకే ఫైల్, అంటే ప్లేస్టోర్ నుంచి కాకుండా నేరుగా ఫోన్లో వేసుకునే యాప్. ఏడాదికి 6000, మూడు విడతల్లో 2000 చొప్పున వచ్చే డబ్బు అది. ఎరువులకి ఆ రెండు వేల కోసమే చూసుకునే ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి. ఆఖరు రోజంటే ఎవరాగుతారు? పైగా చెప్పింది మాస్టారు. వేరే ఎవరో పెట్టుంటే నలుగురైనా అనుమానపడేవాళ్ళు, ఆయన పేరు చూసి ఒక్కరూ అనుమానపడలేదు.

అసలు ఆయన ఫోన్ ఎలా పోయిందంటే, ముందురోజు రాత్రి తెలిసినవాళ్ళ నంబర్ నుంచే పెళ్ళి శుభలేఖ అని ఒక ఫైల్ వచ్చింది. తెరిస్తే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగింది, ఆయన సరే అని నొక్కేశారు. ఇక ఆ దొంగలు తమ ఫోన్లో ఆయన నంబర్‌తో వాట్సాప్ తెరవడం, వచ్చిన ఆరంకెల కోడ్‌ని ఈ ఫైల్ చదివి వాళ్ళకి చేరవేయడం, అంతే. శుభలేఖ పంపిన ఆ మనిషి ఫోన్ కూడా అలాగే పోయిందని తర్వాత తెలిసింది. సాయంత్రానికి మా ఊళ్ళోనే ఇంకో ముగ్గురి నంబర్ల నుంచి కిసాన్ మెసేజ్ వెళ్ళడం మొదలైంది. ఒక ఖాతా దొరికితే దానితో అబద్ధపు వార్త, ఆ వార్తని నమ్మినవాళ్ళ ఖాతాలతో ఇంకో నాలుగు ఊళ్ళకి అదే వార్త. ఇదంతా నడిచేది తెలిసిన మనిషి మీద ఉన్న నమ్మకంతోనే.

మేం చేసిన పెద్ద తప్పు, అదే పాడైన ఫోన్లో వాట్సాప్ మళ్ళీ తెరవాలని చూడడం. మాకొచ్చిన ప్రతి కోడూ వాళ్ళకీ వెళ్తోంది కదా! చివరికి మా తమ్ముడు సిమ్ తీసి పిన్ని కీప్యాడ్ ఫోన్లో వేశాడు, కోడ్ దాంట్లోకి తెప్పించుకుని నా పాత ఫోన్లో బాబాయి నంబర్‌తో వాట్సాప్ తెరిచాం. కోడ్ కొట్టగానే వాళ్ళు బయటికి పోయారు, కానీ అప్పటికే వాళ్ళు టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, అంటే కోడ్ తర్వాత వాట్సాప్ అడిగే ఇంకో రహస్య నంబర్, పెట్టేశారు. ఆ పిన్ తెలియకపోతే మన ఖాతా మన చేతికి రావడానికి 7 రోజులు ఆగాలి. మీకూ ఇలా అయితే భయపడొద్దు, కొత్త కోడ్ వాళ్ళకి చేరనంత వరకు ఆ వారం వాళ్ళు కూడా లోపలికి రాలేరు. గ్రూపుల్లోని మెసేజ్‌లని మాత్రం మిగతా అడ్మిన్ల చేత డిలీట్ చేయించండి, అడ్మిన్లకి ఆ వీలుంది. పాడైన ఫోన్‌కి నెట్ ఆపేసి మొత్తం రీసెట్ చేయించండి. బ్యాంకుకి కూడా వెంటనే ఫోన్ చేయాలి, ఎందుకంటే ఆ ఫైల్ వాట్సాప్ కోడ్ ఒక్కటే చదివి ఊరుకోదు, బ్యాంకు ఓటీపీలూ చదువుతుంది.

ఇక కేసు సంగతి. మీ పేరు వాడుకుని ఇంకొకరు చేసిన పనికి భయపడి మీరు దాక్కోవద్దు. ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద నేరం వాళ్ళది, మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ ఫిర్యాదు నంబర్ దాచుకోండి. ఏ రోజు, ఏ టైముకి ఖాతా మీ చేతిలోంచి పోయిందో చెప్పడానికి అదే మీ ఆధారం. బాబాయి నంబర్ నుంచి "అర్జెంటు, ఆస్పత్రిలో ఉన్నాను" అని వచ్చిందని ఆయన శిష్యుడొకడు 18 వేలు పంపాడు. విషయం తెలియగానే 1930కి చేయబట్టి 11 వేలు అవతలి ఖాతాలో ఆగాయి, మిగతావి పోయాయి.

మెసేజ్‌లు, డబ్బు ఒక ఎత్తు, బాబాయి బాధ ఇంకో ఎత్తు. నలభై ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పమని నేర్పిన మనిషి, తన పేరుతో ఊరంతా మోసపోయిందని రెండు వారాలు గడప దాటలేదు. నేను పక్కన కూర్చుని 2013 సంగతి చెప్పాను. ఆ ఏడాది ఏప్రిల్ 23న అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ట్విట్టర్ ఖాతా హ్యాకై, వైట్‌హౌస్‌లో పేలుళ్ళు, ఒబామాకి గాయాలు అని పడింది, నిమిషాల్లో అమెరికా స్టాక్ మార్కెట్ పడి లేచింది. అక్కడ కూడా ముందు నకిలీ ఈమెయిల్‌తోనే ఉద్యోగులకి వల వేశారు. 2021 డిసెంబరులో ప్రధాని మోదీ ట్విట్టర్ ఖాతా నుంచే, బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బుని దేశంలో చట్టబద్ధం చేశామని కాసేపు అబద్ధం వెళ్ళింది. వాళ్ళకే జరిగింది బాబాయ్, మీరు తప్పు చేసినట్టు తల దించుకోవడం ఏంటి అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు.

ఖాతా చేతికి వచ్చిన రోజు ముందు టూ స్టెప్ పిన్ పెట్టించాను, మన ఖాతా ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపే లింక్డ్ డివైసెస్‌లో తెలియని ఫోన్ ఏదీ లేదని చూశాను. మీరూ ఈ రెండూ చేయండి. తర్వాత మెసేజ్ పడిన ప్రతి గ్రూపులోనూ సరిదిద్దుతూ పెట్టాలి, అదీ రాతలో కాదు, మీ గొంతుతో. రాత ఎవరైనా రాస్తారు. బాబాయి నలభై సెకన్ల వాయిస్ పెట్టారు, ఆ యాప్ అబద్ధం, నా ఫోన్ దొంగల చేతిలో పడింది, వేసుకున్నవాళ్ళు ఫోన్ పట్టుకుని మా ఇంటికి రండి, మావాడు చూస్తాడు అని. ఆ సాయంత్రం మా అరుగు మీద పదకొండు మంది కూర్చున్నారు, పిన్ని రెండుసార్లు టీ పెట్టింది, 18 వేలు పంపిన శిష్యుడే అందరికంటే ముందొచ్చి ఒక్కో ఫోనూ నాకు అందించాడు.